చూడకుండా పంపిన కాలు

ఆ సోమవారం ఉదయం నేను ఒక ఆడమనిషి కాలు చూడలేదు. చూడవలసిన వైద్యుణ్ని నేనే. చూడగలిగినంత దగ్గరలోనే నిలబడి ఉన్నాను. పాదానికి చుట్టిన చీరముక్క కనిపించింది. దాని మీద పసుపుతో కలిసిన తడి మరక కనిపించింది. మడమ నేలకు ఆనించకుండా, కౌంటరు చెక్కను పట్టుకుని ఆమె నిలబడ్డ తీరు కూడా కనిపించింది. అయినా నా చూపు కంప్యూటరు తెర మీదికి పోయింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో తెలియక చేసిన తప్పులు కొన్ని ఉన్నాయి. తెలిసి చేసినది ఇదొక్కటే. అందుకే ముందుగా దీన్నే రాస్తున్నాను.

అప్పటికి నేను శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక సామాజిక ఆరోగ్య కేంద్రానికి సూపరింటెండెంటును. హోదా సివిల్ సర్జన్. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. నెల కార్తీకం, రెండో సోమవారం. సామాజిక ఆరోగ్య కేంద్రమంటే ముప్పై పడకల ఆసుపత్రి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పై మెట్టు, జిల్లా ఆసుపత్రికి కింది మెట్టు. కాన్పులు, చిన్నా పెద్దా ఆపరేషన్లు చేస్తాం. మించిన కేసులను పైకి పంపుతాం. నేను శస్త్రచికిత్స చదివినవాణ్ని కాబట్టి సూపరింటెండెంటు కుర్చీతో పాటు ఆపరేషన్ థియేటరు కూడా నాదే.

మాది శృంగవరపుకోట. తొలి ఉద్యోగం అక్కడికి దగ్గర్లో, కొండల కింద ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. ఆ రోజుల్లో ఓపీ అంటే ఒక వరండా, ఒక బల్ల, ఒక స్టెతస్కోపు. సంతరోజున కొండ మీదినుంచి దిగిన వాళ్లు సొంత పేరు తప్ప ఇంకేమీ చెప్పలేకపోయేవారు. వయసు అడిగితే ఫలానా తుపాను ఏడు పుట్టామనేవారు. ఆ మాటనే రిజిస్టరులో అంకెగా మార్చి రాసేవాళ్లం. వైద్య కళాశాలలో సామాజిక వైద్యం పాఠం మొదలయ్యేది ఒకే ఒక్క మాటతో. స్వాతంత్ర్యానికి ముందే వేసిన ఒక కమిటీ ఈ దేశపు ప్రజారోగ్య వ్యవస్థకు పునాదిగా పెట్టిన మాట అది. డబ్బు ఇచ్చుకోలేకపోవడం వల్ల ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదు. పరీక్షలో దాన్ని రాసి మార్కులు తెచ్చుకున్నాను. కొండల కింద ఉన్న ఆ నాలుగేళ్లూ దాన్ని పాటించాను కూడా. సముద్రపు ఒడ్డుకు వచ్చేసరికి, డబ్బు అడగడం లేదు కనక ఆ మాట నిలబెడుతున్నాననే అనుకున్నాను.

ఆ ఏడాది మా ఆసుపత్రుల్లో ఓపీ పద్ధతి మారింది. రోగి గేటు దగ్గరి చదరపు గుర్తును ఫోనుతో స్కాన్ చేయాలి, లేదా కౌంటరులో, ప్రభుత్వం మనిషికొకటి చొప్పున ఇచ్చిన ఆరోగ్య నంబరు చెప్పాలి. వెంటనే ఆ నంబరుకు ముడిపెట్టిన ఫోనుకు ఆరు అంకెల కోడ్ వస్తుంది. అది చెబితే టోకెన్, టోకెన్ ఉంటే ఓపీ చీటీ. పద్ధతి చెడ్డదని నేను ఇప్పటికీ అనను. పాత చీటీ పోయినా రోగి చరిత్ర పోదు, ఏ ఊళ్లో ఏ మందు రాశారో ఇక్కడ కనిపిస్తుంది. అయితే ప్రతి సోమవారం మధ్యాహ్నం జిల్లా అధికారులతో వీడియో సమావేశం ఉండేది. ఏ ఆసుపత్రిలో ఎంత శాతం ఓపీ ఫోను టోకెన్లతో జరిగిందో తెర మీద వరుసగా వచ్చేది. వరుసగా కొన్ని వారాలు మా ఆసుపత్రే మొదటి స్థానం.

ఫోను లేనివాళ్లకు దారి లేకపోలేదు. సూపరింటెండెంటు లాగిన్‌తో మినహాయింపు టోకెన్ ఇవ్వవచ్చు. దాని పాస్‌వర్డు నా దగ్గరే ఉండేది. కాని ఇచ్చిన ప్రతి మినహాయింపూ మా శాతాన్ని కొంచెం కిందికి లాగేది. అందుకని నేను మినహాయింపులు ఆపేశాను. ‘టోకెన్ లేనిదే ఓపీ చీటీ ఇవ్వబడదు’ అని కౌంటరు మీద అట్టముక్క కట్టించాను. అక్షరాలు నావే.

నూకమ్మ ఆ అట్టముక్క కిందికే వచ్చింది. నలభై ఏళ్లు దాటిన మనిషి. భావనపాడు వైపునుంచి వచ్చే చేపలను బుట్టకెత్తుకుని, పొలాలకు అడ్డంపడి రైతుల ఊళ్లకు నడిచి అమ్ముతుంది. కార్తీక సోమవారాలు ఆ ఊళ్లలో నీచు ముట్టరు. బేరం ఉండదు కాబట్టి ఆసుపత్రికి ఆ రోజు పెట్టుకుంది. శుక్రవారం ఒడ్డున వలలోంచి చేపలు వేరుచేస్తుంటే చాపలా పరుచుకుని ఉండే టేకు చేప తోకలోని విషముల్లు పాదంలో దిగింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను అడగలేదు.

కౌంటరులో ఉన్న ఆపరేటరు లోకేశ్వరి ఆమె నంబరు కొట్టి, “పిన్నీ, కోడొచ్చుంటాది, సెప్పు” అంది.

“ఆ ఫోను మా ఆయనకాడున్నాది. ఆయన వెరావల్ బోటుమీదున్నాడు.”

“మరి ఫోన్ జేసి అడుగు.”

“బోటు ఏటలో ఉంటే ఫోను పలుకుతాదేటమ్మా? పదిరోజులకో, పదేను రోజులకో ఒడ్డుకొస్తాడు.”

వెనకనుంచి ఒక ముసలాయన, “అందాకా ఆ కాలు అలగే అట్టేపెట్టు, నూకీ” అన్నాడు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు.

నూకమ్మ నవ్వలేదు. “సముద్రం నడిమినున్న మొగోడు సెప్తేగాని నా కాలు నాది కాదేటి?” అంది.

మా తీరంలో ఇది ఎవరికీ వింత కాదు. వర్షాకాలం సగమయ్యాక మత్స్యకారుల మగవాళ్లు వెరావల్ వంటి గుజరాత్ రేవుల బోట్ల మీద పనికి వెళ్తారు, వేసవిలోగాని తిరిగి రారు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది వాళ్లతోనే పోతుంది. ఆ ఊళ్లలో ఆరోగ్య నంబర్లు ఇచ్చిన శిబిరం మా ఆసుపత్రే పెట్టింది, అదీ మగవాళ్లు ఊళ్లో ఉన్న వేసవిలో. ఇంటిల్లిపాదినీ మగవాడి ఫోనుకే ముడిపెట్టాం. నంబరు మార్చాలన్నా పాత ఫోనుకే కోడ్ వెళ్తుంది. అంటే ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో ఊరి ఆడవాళ్ల ఓపీ తాళాలు అరేబియా సముద్రంలో తిరుగుతుంటాయి. ఇది ముందే ఊహించవలసినవాణ్ని నేను. శిబిరం పెట్టింది నేను.

మాటలు విని నేను గదిలోంచి బయటికి వచ్చాను. లోకేశ్వరి నావైపు చూసింది. పాస్‌వర్డు కొట్టడానికి అర నిమిషం పట్టదు. నేను తెర మీద ఆ రోజు శాతం చూసుకున్నాను. “ఎవరినైనా పట్టుకుని నంబరు మార్పించుకుని రామ్మా. రూలు అందరికీ ఒకటే” అన్నాను. నడిచి వచ్చింది కాబట్టి అత్యవసరం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, చీరముక్క బిగించి కట్టుకుని వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం సమావేశంలో మళ్లీ మాదే మొదటి స్థానం. పేరు పెట్టి మెచ్చుకున్నారు. సంతోషంగానే ఇంటికి వెళ్లాను.

గురువారం ఉదయం ఆమెను ఆటోలో తెచ్చారు. మోసుకుని దించింది తోడికోడలు ఎర్రమ్మ. ఒళ్లు కాలిపోతోంది. పాదం ఉబ్బి నల్లబడింది, వాపు చీలమండ దాటింది. మధ్యలో ఊరి ఆర్ఎంపీ గాయానికి రెండు కుట్లు వేసి మూసేశాడట. ముల్లు గాయాన్ని మూయకూడదు, లోపలి చీము బయటికి పోవడానికి దారి వదలాలి. రక్తంలో చక్కెర చూస్తే నాలుగు వందలు దాటి ఉంది. తనకు షుగరు ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. సోమవారం చూసి ఉంటే తెలిసేది.

స్ట్రెచరు లోపలికి తోస్తుంటే ఎర్రమ్మ నాకు అడ్డం వచ్చింది. “మొన్న నంబరడిగినారు. ఇయాల అడగరేటి? కాలు కుళ్లినాక నంబరక్కర్నేదేటి?”

 “పక్కకు జరగమ్మా, థియేటరుకు తీసుకెళ్లాలి” అన్నాను. ఆమె జరిగింది గాని మాట ఆపలేదు. “ఆ కాలు పోతే మా సెల్లి బుట్ట ఎవులు మోస్తారు? మీరు మోస్తారేటి?”

పణంగా ఉన్నది అదే. ఆ పాదమే ఆ ఇంటికి ఎనిమిది నెలల తిండి. జిల్లా కేంద్రంలోని పెద్ద ఆసుపత్రిలో నాకు తెలిసిన సర్జనుకు ఫోన్ చేసి ఫోటోలు పంపాను. పంపించండి సార్, చీలమండ పైదాకా తీసేయవలసి రావచ్చు అన్నాడు. ముందు ఇక్కడే చీము వదిలించి, చక్కెర అదుపులోకి తెచ్చి చూస్తాను, కొంచెం తేడా వచ్చినా ఆ క్షణమే పంపుతాను అన్నాను. ఆయన కొన్ని షరతులు పెట్టి ఒప్పుకున్నాడు. నూకమ్మకూ ఎర్రమ్మకూ రెండు దారులూ, రెంటిలోని ప్రమాదమూ చెప్పాను. నూకమ్మ కళ్లు తెరవకుండానే, “ఉంచగలిగితే ఉంచండి” అంది.

చీలమండ దగ్గర మత్తు ఇచ్చి కుట్లు విప్పాను. చీముతో పాటు అగ్గిపుల్లలో సగమున్న ముల్లు ముక్క, రంపపు పళ్లతో సహా, బయటికి వచ్చింది. చచ్చిన కండ అంతా కోసి తీశాను. చివరి రెండు వేళ్లు దక్కలేదు. తర్వాత ఎరుపు ఎక్కడిదాకా పాకిందో చూసి దాని అంచు వెంట కాలి మీద చెరగని సిరాతో గీత గీశాను. పక్కన టైము వేశాను. ఎరుపు ఆ గీత దాటితే అంబులెన్సు ఎక్కించాలి. ఇది పాత పద్ధతి. దీనికి యంత్రం అక్కర్లేదు, గీతను నమ్మకంగా చూసే మనిషి కావాలి.

ఆ మనిషి మా హెడ్ నర్సు సింహాచలమ్మ. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. తన డ్యూటీ అయిపోయినా పోలేదు. నాలుగు గంటలకోసారి ఇన్సులిన్, గీత, జ్వరం, మూత్రం చూసి చార్టులో ఎక్కించింది. రెండో రోజు సాయంత్రం నేను వెళ్లేసరికి, “గీత దాటనేదు సార్. ఎనక్కి ఏలెడు తగ్గినాది” అంది. చార్టు చూసి, మళ్లీ కాలు చూశాను. నా ఉద్యోగంలో పతకాలు, ప్రశంసాపత్రాలు కొన్ని ఉన్నాయి. ఒక పల్లెటూరి ముప్పై పడకల ఆసుపత్రి, పెద్ద ఆసుపత్రి తీసేయవలసి రావచ్చన్న పాదాన్ని నిలబెట్టిన ఆ సాయంత్రంతో సమానమైనది వాటిలో లేదు. గర్వపడే హక్కు నాది కాదు, సింహాచలమ్మది. అయినా గర్వపడ్డాను.

వారం గడిచాక, కట్టు మారుస్తూ నూకమ్మకు అసలు సంగతి చెప్పాను. ఆ రూలు ప్రభుత్వానిది కాదు, నేను పెట్టింది, టోకెన్ ఇవ్వగలిగీ ఇవ్వలేదు అన్నాను. ఆమె పాదం వైపే చూస్తూ విన్నది.

“గుమ్మంకాడ నిలబడింది మీరే కదా. నానెరగనేటి” అంది. మళ్లీ, “నాకు సెప్తే ఏళ్లు మొలుస్తాయేటి బాబూ? నాలాగ ఎంతమంది తిరిగెల్లిపోనారో, ఆల్లని ఎతకండి” అంది.

లోకేశ్వరిని అడిగాను, తిరిగి వెళ్లిపోయినవాళ్ల వివరాలు తియ్యమని. ఆమె చాలాసేపు వెతికి, “ఉండవు సార్. టోకెన్ పడినోల్ల పేర్లే ఉంటాయి” అంది. అప్పుడు తెలిసింది, ప్రతి సోమవారం నేను మురిసిపోయిన ఆ శాతంలో, వెనక్కి పంపినవాళ్లు ఏ వైపునా లేరు. ఎంతమందిని పంపితే మా అంకె అంత బాగుండేది.

మర్నాడు అట్టముక్క నేనే విప్పాను. కౌంటరుకు ముందు, గుమ్మం పక్కనే ఒక బల్ల వేయించాను. వచ్చిన ప్రతి మనిషినీ ముందు అక్కడ ఒక నర్సు చూస్తుంది. బీపీ, జ్వరం, గాయముంటే కట్టు విప్పి గాయం. అవసరమైన పరీక్ష రాస్తుంది. నంబరు సంగతి ఆ తర్వాత. కోడ్ రానివాళ్లకు మినహాయింపు టోకెన్ ఇవ్వడానికి రోజూ నేనే లాగిన్ అయి కూర్చునేవాణ్ని. బల్ల వేయిస్తుంటే సింహాచలమ్మ నిలబడి చూసి, “ఈ బల్ల ఇక్కడే ఉండీది సార్. కంప్యూటరు పెట్టడానికి మనమే తీసీసినాం” అంది. ఆమె మాటలో నవ్వు ఉంది, దెప్పు కూడా ఉంది. రెండూ నాకు తగినవే.

మూడు వారాల్లో మా స్థానం జిల్లాలో అట్టడుగుకు పోయింది. సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. మెమో అంటే పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవలసిన కాగితం. సర్వీసు పుస్తకంలోకి ఎక్కవచ్చు, పింఛనును ఆలస్యం చేయవచ్చు. నెట్‌వర్క్ సరిగా లేదని రాసెయ్యమని తోటి సూపరింటెండెంటు సలహా ఇచ్చాడు. నేను జరిగింది జరిగినట్టు రాశాను. పాత శాతం ఎలా వచ్చిందో, దానికి ఒక రోగి ఏమి పోగొట్టుకుందో, ఆ ఉత్తర్వు ఎవరిదో రాసి సంతకం పెట్టాను. కింద రెండు విన్నపాలు చేర్చాను. వలస ఊళ్లలో ఆడవాళ్ల నంబర్లకు పాత ఫోనుతో పనిలేకుండా ముడి మార్చే అధికారం ఆసుపత్రికి ఇవ్వాలి. టోకెన్ దొరకక వెళ్లిపోయినవాళ్లను కూడా లెక్కించాలి. మొదటిది రెండు నెలలకు ఆమోదించారు. రెండోదానికి ఈనాటికీ జవాబు లేదు. మెమో మీద తదుపరి చర్య ఏమీ తీసుకోలేదు.

ఈ అనుభవం నేర్పినది చిన్నదే. ప్రభుత్వ ఆసుపత్రి గుమ్మంలో ఏ షరతు పెట్టినా అది ముందుగా తగిలేది, ఆ ఆసుపత్రి తప్ప మరో దారి లేనివాళ్లకే. మా పెద్దలు డబ్బు అనే అడ్డును చూసి దాన్ని తీసేశారు. తర్వాతి అడ్డు ఏ రూపంలో వస్తుందో కనిపెట్టి తీసేయడం మా తరం పని. నేను దాన్ని కనిపెట్టకపోగా నా చేతులతో కట్టాను. పరికరానిది తప్పు కాదు. ముందు మనిషిని చూడాలా, ముందు నంబరు చూడాలా అన్నది పరికరం తేల్చదు, కుర్చీలో ఉన్నవాడే తేల్చాలి.

మిగిలింది వెనక్కి వెళ్లినవాళ్లను వెతకడం. అది నా వల్ల అయ్యేది కాదు. ఇరవై ఆరు రోజుల తర్వాత నూకమ్మ డిశ్చార్జి అయింది. పాదానికి కొలత తీయించి మెత్తటి రబ్బరు చెప్పులు చేయించాం. సంక్రాంతి దాటాక మెల్లగా బుట్ట ఎత్తింది. చేపలమ్మే మనిషికి ఎప్పుడూ కొనే వాడిక ఇళ్లు ఉంటాయి. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో, ఎవరు మందులు మానేశారో ఆమెకు తెలిసినంత మా ఆరోగ్య కార్యకర్తలకు కూడా తెలియదు. శనివారం శనివారం కట్టు చూపించుకోవడానికి వచ్చి, వేళ్ల మీద లెక్కపెట్టి పేర్లు చెప్పేది. నేను రాసుకుని, ఆదివారాలు నా స్కూటరు మీద ఆ ఊళ్లకు వెళ్లేవాణ్ని. ఇంటింటా ఒకే మాట చెప్పేవాణ్ని. మిమ్మల్ని తిప్పి పంపిన రూలు నాది, అది తీసేశాను, రండి అని. ఎక్కువమంది వచ్చారు. ఇద్దరి విషయంలో నేను ఆలస్యమయ్యాను. వాళ్ల ఇళ్లలో కూడా కూర్చుని అదే మాట చెప్పాను.

అప్పలసూరి అనే రైతు మాత్రం రానన్నాడు. డెబ్బై దాటిన మనిషి. బీపీ మందులకని రెండుసార్లు వచ్చి రెండుసార్లూ తిరిగి వెళ్లాడు. ఫోను కొడుకుతో హైదరాబాదులో ఉంది. అరుగు మీద కూర్చుని వేరుశనగ ఒలుస్తూ, నేను చెప్పిందంతా విన్నాడు.

“అప్పుడు పొమ్మన్నారు, పోనాను. ఇప్పుడు రమ్మన్నారు. రేపు మల్లీ పొమ్మనరని ఏటి నమ్మకం?” అన్నాడు.

నమ్మకం మాటలతో ఇవ్వగలిగింది కాదు. సంచిలోంచి బీపీ పరికరం తీసి అక్కడే చూశాను. బాగా ఎక్కువగా ఉంది. నెలకు సరిపడా మాత్రలు మర్నాడు ఆరోగ్య కార్యకర్త చేత పంపించాను. తర్వాతి నెల మళ్లీ వెళ్లాను. ఆ పై నెల కూడా వెళ్లాను. ప్రతిసారీ నాకు వేరుశనగకాయలు పెట్టాడు గాని ఆసుపత్రికి వస్తానని ఒక్కసారీ అనలేదు. “మీకు ఆదివారాలు ఏరే పని నేదేటి?” అని మాత్రం అడిగాడు.

నాలుగో నెల నేను వెళ్లవలసిన ఆదివారానికి ముందు, బుధవారం పొద్దున్న, ఓపీ మొదలవుతుండగా అతను గేటులోంచి వచ్చాడు. కౌంటరు వైపు చూడలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. గుమ్మం పక్క బల్ల దగ్గర సింహాచలమ్మ ఎదుట కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని చాపాడు.